బాయిమాట మళ్ళీ బతుకుతుందా అని అడిగినవాళ్ళకు

పోయిన నెల మా ఇంటికి ఇద్దరు వచ్చారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. నేను రిటైరై లేచిన కుర్చీలో వాళ్ళను కూర్చోబెట్టారట. "ఒక్క కుర్చీల ఇద్దరా?" అన్నాను. నవ్వలేదు. చేతిలో నోట్‌బుక్కు ఉన్నవాళ్ళు ఎప్పుడూ నవ్వరు.

"మేడం, బాయిమాటను మళ్ళీ బతికించొచ్చా?" అని అమ్మాయి అడిగింది.

రెండు గంటలు మాట్లాడాను. రెండుసార్లు చాయ్ పెట్టాను. వాళ్ళు తలలు ఊపుతూ రాసుకున్నారు. మర్నాడు నేను చెప్పినదాని సారాంశం అంటూ ఫోనుకు ఒక ముక్క పంపారు. వాడుకరుల భాగస్వామ్యం పెంచాలట. నాణ్యతా ప్రమాణాలు పాటించాలట. సాంకేతికతను అందిపుచ్చుకోవాలట. ఆ మాటల్లో ఒక్కటి కూడా నా నోట రాలేదు. నేను చెప్పింది ఓదెలు గురించి, ఒక ప్రెషర్ కుక్కర్ గురించి, నేను చేసిన ఒక వెధవ పని గురించి. అవన్నీ ఎటు పోయాయో!

అందుకని నేనే రాస్తున్నాను. పిల్లలూ, ఈసారి సారాంశం తీయకండి.

బాయి ఎరగని లైబ్రేరియన్

గోదావరిఖనిలో కార్మికుల కుటుంబాలు కలిసి పెట్టుకున్న ఒక చిన్న గ్రంథాలయ సంఘంలో నేను లైబ్రేరియన్‌గా చేశాను. రెండు గదులు, నాలుగు ఫ్యాన్లు, పోటీపరీక్షల పుస్తకాలు, దినపత్రికలు, ఫ్యాను కింద నిద్రపోయే పెద్దమనుషులు. సెల్‌ఫోన్లు వచ్చాక చదివేవాళ్ళు పోయి నిద్రపోయేవాళ్ళు మాత్రం మిగిలారు. నా ఉద్యోగం వాళ్ళ గురకను కాపాడటమే అయింది.

అప్పటి మా కార్యదర్శి ఫిజిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఒకరోజు ఆయన గది మధ్యలో నిలబడి, నిద్రపోతున్న వాళ్ళందర్నీ చూసి అన్నారు: "సుగుణా, ఈ ఊళ్ళో చదివేవాళ్ళు తగ్గారు గానీ తెలిసినవాళ్ళు తగ్గలేదమ్మా. వీళ్ళ చేతే రాయిద్దాం."

అట్లా పుట్టింది బాయిమాట అనే వెబ్‌సైటు. మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. బాయిలో పనిచేసినవాళ్ళెవరైనా తమకు తెలిసింది ఈ సైటులో ఒక పేజీగా రాయొచ్చు. తప్పుంటే ఇంకొకరు దిద్దొచ్చు. ఒప్పుకోనివాళ్ళు కింద వాదించుకోవచ్చు. మాస్టారి పాత విద్యార్థి ఒకతను సైటు కట్టిపెట్టాడు. దాన్ని చూసుకోవడం నా పని.

ఒక విషయం ముందే చెప్పాలి. నేను ఒక్కసారి కూడా బాయిలో దిగలేదు. మా కాలంలో ఆడవాళ్ళను దింపేవాళ్ళు కాదు. మా నాన్న ముప్పై ఏళ్ళు దిగాడు. ఇంటికొచ్చి బాయి గురించి ఆయన చెప్పిందంతా కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. కాబట్టి ఈ ఉద్యోగానికి నాకున్న అర్హత ఏమీ తెలియకపోవడమే. ఇది హాస్యానికి అనడం లేదు. ఎవరైనా ఒక పేజీ రాస్తే ఫోన్ చేసి "అంటే ఏంది?" అని అడిగేదాన్ని. తెలిసినవాళ్ళు తమకు తెలిసిందాన్ని ఎప్పుడూ పూర్తిగా రాయరు. అందరికీ తెలుసులే అనుకుంటారు. ఒకాయన, అన్నం డబ్బా నేల మీద పెట్టొద్దు అని రాసి ఊరుకున్నాడు. ఎందుకు అని అడిగితే ఎలుకల గురించి ముప్పావుగంట చెప్పాడు. ఆ ముప్పావుగంటే పేజీ.

మీ నియామక పత్రంలో కంటెంట్ మేనేజర్ అని ఉందట. నా కాగితంలో "సైటు చూచుకొను లైబ్రేరియన్" అని ఉండేది. పని మాత్రం రెండింటిలోనూ ఒకటే. తెలియనిదానిలా ఫోన్ చేయడం.

చెవుల ఓదెలు

సైటు మొదలైన ఏడాదిలోనే ఓదెలు రాశాడు. అప్పటికే రిటైరయ్యాడు. బాయిలో సపోర్టుమన్‌గా చేసినవాడు. అంటే బొగ్గు తీసినచోట పైన ఉన్న బండ కూలకుండా నిలబెట్టే మనిషి. పని మొదలయ్యే ముందు ఇనుప రాడ్‌తో ఆ బండను తట్టి చూడాలి. గట్టిగా ఉందా, లోపల విడిపోయి ఉందా అన్నది ఆ తట్టుడులో తెలుస్తుంది. ఓదెలు తట్టి "ఊఁ" అన్నాకే మిగిలినవాళ్ళు కాలు పెట్టేవాళ్ళట. అందుకే షిఫ్టు మొత్తం ఆయన్ను చెవుల ఓదెలు అనేది.

ఓదెలుకు టైపు చేయడం రాదు. ఫోనులో మాట్లాడితే అక్షరాలు పడే పద్ధతి కనిపెట్టి, దాంతో రాశాడు. ఫోను మాత్రం తనకు తోచింది రాసుకుంది. పేజీ ఇట్లా మొదలైంది: "బండి మాట్లాడుతది. బండి గట్టిగుంటే గణగణ అంటది. లోపట పగిలి ఉంటే డొల్ల డొల్ల అంటది. డొల్ల అన్న జాగల నిలవడకు. ఇంటికాడ నీ పెండ్లాం నీ కోసం కూరొండుతున్నది, గది యాది చేసుకో."

ఇదేం బండి అనుకుని ఫోన్ చేశాను.

"ఓదెలన్నా, ఏం బండి గిది?"

"మంచిగున్న చెల్లె, నువ్వెట్లున్నవ్?"

"గది కాదన్నా, బండి మాట్లాడుతది అని రాసినవ్..."

"తిన్న, తిన్న. నువ్వు తిన్నవా?"

మూడుసార్లు అడిగాక ఆయన భార్య రాజవ్వ ఫోన్ తీసుకుంది. "బండి కాదక్కా, బండ. గా ఫోన్ తప్పు ఇంటది," అంది. ఓదెలుది మొండి రకం, తన మాటే తప్ప ఎదుటివాడి మాట పట్టించుకోడు అని ఆరోజే తీర్మానించేశాను. మనుషుల గురించి తీర్మానాలు చేయడంలో నాది అప్పట్లో చాలా చురుకైన బుర్ర.

"బండి"ని "బండ" చేసి మిగతాదంతా అట్లాగే ఉంచాను. సైటులో అన్నింటికంటే ఎక్కువమంది చదివింది ఆ పేజీనే. తండ్రి స్థానంలో ఉద్యోగం వచ్చిన కొత్తవాళ్ళు మొదటిరోజు డ్యూటీకి పోయే ముందు బస్టాపులో నిలబడి చదివేవాళ్ళు. కింద పాతవాళ్ళు కొట్టుకునేవాళ్ళు. నీ రాడ్ పొడుగెంత, నీ బాయిలో బండ వేరు, మా బాయిలో బండ వేరు. అన్నీ తిట్లే. బ్రహ్మాండంగా నడిచింది.

కుక్కర్

మాస్టారు పదవి దిగాక ప్రభాకర్ గారు కార్యదర్శి అయ్యారు. ఆయనదీ కోస్తానే, ఇంజనీరుగా రిటైరయ్యారు. మంచి మనిషి. ఒక్కటే జబ్బు. దేన్ని చూసినా గ్రాఫు గీయాలనిపిస్తుంది.

"సుగుణ గారూ, మన దగ్గర పేజీలెన్ని ఉన్నాయండీ?"

"ఉన్నన్ని ఉన్నయి సార్."

"అదేంటండీ! ఎన్నున్నాయో తెలియకపోతే పెరుగుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?"

పోటీ పెట్టారు. పేజీకి ఇన్ని పాయింట్లు. ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్ళకు అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్. పేజీలు వరదలా వచ్చాయి. గెలిచినాయన మా సభ్యుడే. పేరు చెప్పను, ఆ కుక్కర్ వాళ్ళింట్లో ఇంకా ఈలలు వేస్తోంది. ఆయన రాసినవాటిలో కొన్ని: "నీళ్ళు ఎలా తాగాలి", "నీళ్ళు ఎందుకు తాగాలి", "నీళ్ళు ఎప్పుడు తాగాలి". తర్వాత "నీళ్ళు తాగకపోతే ఏమవుతుంది". ఆయన జీవితంలో బాయి మొహం చూడలేదు.

గ్రాఫు నిక్కపొడుచుకుంది. ప్రభాకర్ గారు దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించారు. ఇటు చదివేవాళ్ళు తగ్గిపోయారు. ఎందుకు తగ్గరు? బాయిలో గ్యాస్ గురించి వెతికితే నీళ్ళు వచ్చేవి, బూట్ల గురించి వెతికితే నీళ్ళు వచ్చేవి.

ఆ చెత్తను ఊడవడానికి ఆయన ఇంకో రూల్ తెచ్చారు. ఆధారం చూపని పేజీ ఉండకూడదు. భాష ప్రామాణికంగా ఉండాలి. ఈ రూలుతో నీళ్ళ పేజీలు పోలేదు, గమనించండి. నీళ్ళు తాగమని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. భాష కూడా శుద్ధం. ఆధారాలు దండిగా ఉన్నాయి. రూలుకు దొరికింది ఓదెలు.

నేను చేసిన పని

ఆ పేజీ తీసింది నేనే. ప్రభాకర్ గారు దాని పేరెత్తలేదు. ఆయనకు అలాంటి పేజీ ఉందనే తెలియదు. పైవాళ్ళ ఒత్తిడి అని చెప్పుకోవచ్చు. చాలామంది రిటైరయ్యాక అట్లాగే చెప్పుకుంటారు. నిజమేమిటంటే, నా ముందు "తొలగించు" అని ఒక మీట ఉండేది. జీవితమంతా "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కింద కూర్చున్న మనిషికి అలాంటి మీట దొరికితే ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. ఆ రోజు పొద్దున నుంచి నొక్కుతూనే ఉన్నాను. ఓదెలు పేజీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వేడి మీదుంది. నొక్కాను. ఓదెలు ఫోనుకు ఒక ముక్క వెళ్ళిపోయింది: "తగిన ఆధారాలు లేనందున మీ పేజీ తొలగించడమైనది. మీ సహకారానికి ధన్యవాదాలు."

రెండు రోజులకు ఓదెలు లైబ్రరీకి వచ్చాడు. ఫోను నా ముందు పెట్టాడు.

"గిదేంది చెల్లె? ఆధారం అంటే ఏంది?"

ఏళ్ళ తరబడి నేను అందర్నీ అడిగిన ప్రశ్న. నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"ఏదన్న పుస్తకంల ఉండాలె అన్నా. గది చూపెట్టాలె."

"పుస్తకం రాసినాయన బాయిల దిగిండా?"

"రూల్ గట్లున్నది అన్నా."

ఓదెలు ఫోను తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కోపంగా ఒక్క మాట అన్నా నాకు బాగుండేది.

ఆయనతోపాటు ఆయన పేజీ కింద కొట్టుకునేవాళ్ళు కూడా పోయారు. వాళ్ళెవరికీ నేను ఏ ముక్కా పంపలేదు. కొట్టుకోవడానికి చోటు లేకపోయేసరికి వాళ్ళంతట వాళ్ళే మానేశారు. ఒక ఆరు నెలల్లో బాయిమాటలో తిట్టుకునేవాళ్ళే లేకుండా పోయారు. ప్రభాకర్ గారు మీటింగులో "వాతావరణం ప్రశాంతంగా ఉంది" అని చెప్పారు. సైటు చచ్చిపోయినప్పుడు అచ్చం అట్లాగే ఉంటుంది.

యంత్రం రాసిన తెలుగు

ఖాళీ అయిన చోట్లు నింపడానికి ప్రభాకర్ గారు ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు. పైన శీర్షిక కొడితే కింద వ్యాసం వచ్చేస్తుంది. చక్కటి తెలుగు. ఎక్కడా తడుముకోదు, ఎవరినీ తిట్టదు. నేను "గని పైకప్పు పరీక్ష" అని కొట్టాను. "గని పైకప్పు కార్మికుల భద్రతకు వెన్నెముక వంటిది" అని మొదలుపెట్టి, పెంకులు జారిపోకుండా చూసుకోవాలని, వానాకాలానికి ముందే కారే చోట్ల సిమెంటు పూయించాలని సలహా ఇచ్చింది. పడీపడీ నవ్వాను. ఫోన్ చేసి రాజవ్వకు చదివి వినిపిద్దామా అనుకుని, ఏ మొహం పెట్టుకుని చేస్తానని ఆగిపోయాను.

పెంకులు, సిమెంటు తీసేశాను. మిగిలింది బాగానే ఉందనిపించింది. అందులో ఒక వాక్యం ఇది: "తట్టినప్పుడు వెలువడే శబ్దం లోతుగా, గంభీరంగా ఉంటే పైకప్పు దృఢంగా ఉన్నట్లు భావించవచ్చు." చెవికి ఎంత బాగుందో చూడండి. డొల్ల డొల్ల అని ఓదెలు చెప్పింది సరిగ్గా ఈ శబ్దం గురించే అని నాకు తట్టలేదు. డొల్ల అంటే ఏంది అని అడగడానికి అక్కడ మనిషి లేడు. యంత్రాన్ని నేను అడగలేదు. ఆ వాక్యం సైటులోకి ఎక్కింది.

వినయ్

వేసవిలో ఒక మధ్యాహ్నం ఫస్ట్ షిఫ్టు దిగిన ఒకతను నేరుగా లైబ్రరీకి వచ్చాడు. స్నానం చేసినా కనురెప్పల అంచుల్లో నల్లటి గీత మిగిలే ఉంది. పేరు వినయ్. ఇంజనీరింగ్ చదివి, ఆ ఉద్యోగం రాక, తండ్రి ఉద్యోగంలో చేరాడు. చేరి కొన్ని వారాలైంది.

"మేడం, గీ పేజీ ఎవరు రాసిన్రు?" అని ఫోను చూపించాడు. పైకప్పు పేజీ.

"ఎందుకు బిడ్డా?"

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఆ పొద్దున పని దగ్గర సర్దార్, అంటే వాళ్ళ చేత పనిచేయించే ఆయన, నేర్పిద్దామని రాడ్ చేతికిచ్చి, "తట్టి చెప్పు, ఎట్లున్నది?" అన్నాడట. వినయ్ తట్టాడు. లోతుగా, గంభీరంగా శబ్దం వచ్చింది. "గట్టిగున్నది సార్," అని ఒక అడుగు ముందుకు వేశాడు. సర్దార్ చొక్కా పట్టి వెనక్కి లాగాడు. దూరం నుంచి పొడుగు రాడ్‌తో ఆ బండను పొడిచి దించితే, వినయ్ అడుగు వేసిన చోటే తలుపంత పలక కిందపడింది.

"ట్రైనింగ్‌ల వేరే చెప్పిన్రు మేడం. నాకు యాదికున్నది. కని పొద్దుగాల బస్సుల గిది చదివిన. తెలుగు మస్తు మంచిగుండె. గదే మనసుల ఉండిపోయింది."

పేజీ పైన రాసినవారి పేరు ఉంటుంది. యంత్రానికి పేరు లేదు. దాని పేజీలన్నీ నా ఖాతాలోంచి ఎక్కించాం. అక్కడ "సుగుణ" అని ఉంది.

"నేనే," అన్నాను.

వినయ్ నా వైపు చూశాడు. "మీరు బాయిల ఎన్నేండ్లు చేసిన్రు మేడం?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. అందుకే ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు కుర్చీలో సరిగా కూర్చోబుద్ధి కాదు. చేసింది మొత్తం చెప్పాను. తీసిన పేజీ గురించి కూడా.  అతను తిట్టలేదు. "ఓదెలు కాక మా క్వార్టర్ల లైన్లనే ఉంటడు మేడం, సెంటినరీ కాలనీల," అన్నాడు.

ప్రభాకర్ గారికి ఫోన్ చేశాను. అంతా విని ముందు ఒకటే అడిగారు.

"కుర్రాడికి దెబ్బేం తగల్లేదు కదండీ?"

"లేదు సార్."

"తీసేయండి. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవన్నీ తీసేయండి."

"గ్రాఫు పడిపోతది సార్."

"పడనివ్వండి."

నా బాసుల్లో తప్పు ఒప్పుకోవడానికి ఇంత తక్కువ సమయం తీసుకున్న మనిషి ఇంకొకరు లేరు. అందుకే ఆయన గ్రాఫుల్ని ఎంత వెక్కిరించినా ఆయన్ను వెక్కిరించను.

కూలర్ ముందు క్షమాపణ

వినయ్‌కు సెలవున్న రోజు ఇద్దరం వెళ్ళాం. రామగుండం ఎండ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. కొడుకు క్వార్టర్ ముందు ఓదెలు కూలర్ విప్పి గడ్డి మారుస్తున్నాడు. వీపు మా వైపు ఉంది. దారి పొడుగునా బస్సులో కూర్చి పెట్టుకున్న మాటలన్నీ గేటు దగ్గర నిలబడే అప్పజెప్పాను. నాది పొరపాటని, పెద్దమనసు చేసుకోవాలని, పేజీ మళ్ళీ పెడతానని. ఓదెలు తల తిప్పలేదు. గడ్డి కుక్కుతూనే ఉన్నాడు. కోపం ఇంకా పోలేదనుకుని, కొంచెం గొంతు పెంచి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

రాజవ్వ చేయి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఎందుకు ఆయాసపడ్తవ్ అక్కా, ఆయనకు ఇనవడది," అని వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి చేయి ఊపింది.

ఫోనులో "తిన్న, తిన్న" అన్న మనిషి, లైబ్రరీలో నా పెదవులనే చూస్తూ నిలబడ్డ మనిషి. నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ మొండి రకం అనుకున్నాను.

ఎదురుగా వెళ్ళి, నిదానంగా, మళ్ళీ చెప్పాను. "అన్నా, తప్పయింది. నీ పేజీ మళ్ళ పెడ్త."

"వద్దు," అన్నాడు.

"కోపమా అన్నా?"

"కోపం గాదు చెల్లె. గా పేజీల నేను అబద్ధం రాసిన."

కూలర్ పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. బండకు బోల్టులు వేయడానికి డ్రిల్లింగ్ చేసీ చేసీ, సర్వీసు చివరి పదేళ్ళలో ఆయనకు చెవులు పోయాయట. మొదట గణగణ పోయింది. తర్వాత డొల్ల కూడా పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పని నుంచి తీసేస్తారు. "షిఫ్టంత చెవుల ఓదెలు అంటున్నరు. నాకు చెవులే లేవని ఏ నోటితోని చెప్పాలె?"

"మరి ఎట్ల చెప్పేది కాకా, బండ మంచిగున్నదా లేదా?" అని వినయ్ ఎదురుగా కూర్చుని అడిగాడు.

ఓదెలు లేచి కూలర్ బిగించే స్పానర్ తీసుకుని క్వార్టర్ గోడ దగ్గరికి వెళ్ళాడు. ఒక చోట సిమెంటు పూత ఉబ్బి ఉంది. వినయ్ ఎడమచేయి పట్టుకుని నాలుగు వేళ్ళు గోడకు ఆనించాడు. స్పానర్ కుడిచేతికి ఇచ్చాడు. "గట్టిగున్న కాడ కొట్టు... ఏమన్న తెలిసిందా? ఏం తెల్వది. ఇప్పుడు గీడ కొట్టు."

వినయ్ కొట్టాడు. ఠక్కున వేళ్ళు తీశాడు. "జివ్వుమన్నది కాకా!"

"గదే. విడిసిన బండ వేళ్ళకు చెప్తది. చెవులకు చెప్పినదానికంటె ముందే చెప్తది."

నేనూ వేళ్ళు పెట్టాను. వినయ్ కొట్టాడు. వేళ్ళ చివర సన్నగా చీమలు పాకినట్టయింది. బాయి గురించి ఎన్ని పేజీలు దిద్దానో, అందులో నా ఒంటికి తెలిసిన మొదటి సంగతి అది. ఆ వయసులో, క్వార్టర్ గోడ ముందు, మళ్ళీ కొట్టు బిడ్డా, మళ్ళీ కొట్టు అని చిన్నపిల్లలా అడిగాను.

"గిదే రాద్దాం అన్నా."

ఓదెలు రాజవ్వ వైపు చూశాడు. రాజవ్వ అంది, "రాస్తే అందరికి తెలుస్తది గద."

"పేరు లేకుంట రాయరాదా?" అన్నాడాయన.

"పేరు లేకుంటే గా మిషన్ రాసినట్టే ఉంటదన్నా. ఎవరు నమ్ముతరు?"

అప్పుడు వినయ్ ఒక మాట అడిగాడు. నాకు అడిగే ధైర్యం లేని మాట. "కాకా, ఒక్కరోజు నీ వేళ్ళకు గూడ తెల్వకపోతే? నీ ఎనుక నలుగురుందురు గద."

రాజవ్వ మొహం మాడ్చుకుంది. ఓదెలు ఆ మాటను వినయ్ పెదవుల మీద చూసి కళ్ళు తుడుచుకున్నాడు. అన్నాడు: "గదే బిడ్డా. గన్నేండ్లు నాకు గదే ఫికర్. చెల్లె, గది గూడ రాయి. చెవులు పోతే దాచొద్దని రాయి. నేను దాసిన, గది తప్పని రాయి."

ఈసారి ఫోను చేత రాయించలేదు. నేనే టైపు చేశాను. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఆయన మోకాలు తట్టి, నా మొహం చూపించి, అంటే ఏంది అని అడిగాను. సాయంత్రం దాకా పట్టింది. వాళ్ళింట్లోనే తిన్నాం. కూలర్ ఆరోజుకు అట్లాగే ఉండిపోయింది, అందరం చెమటల్లో తడిశాం.

మీరడిగినదానికి

ఇప్పుడు మీ ప్రశ్న. బాయిమాట బతుకుతుందా? మునుపటిలా బతకదు. భూగర్భ బాయిలు తగ్గి, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. చూడటానికి వీడియోలున్నాయి. చదివే ఓపిక ఎవరికీ లేదు, నాకే లేదు. సైటుకు కొత్త రంగులేస్తే వస్తారని, పాయింట్లిస్తే వస్తారని ఎవరైనా చెబితే వాళ్ళకు ఒక కుక్కర్ ఇచ్చి పంపించండి.

కానీ కొంత బతుకుతుంది. నా బీరువా పై అరలో ఒక నోట్‌బుక్కు ఉంది. నేను ఎవరెవరి పేజీలు తీసేశానో అందులో రాసిపెట్టాను. ఓదెలు తర్వాత కొందరి ఇళ్ళకు వెళ్ళాను. ఇద్దరు చనిపోయారు. ఒకాయన నా మొహం మీదే తలుపేశాడు, న్యాయమే. మిగిలినవాళ్ళ దగ్గరికి మీరు వెళ్ళండి. ఫోన్ వద్దు, మనిషే వెళ్ళండి. ఎండ తగ్గాక వెళ్ళినా సరే. పాత పేజీ యథాతథంగా పెట్టేస్తామని మాత్రం అనకండి. అప్పుడు రాయనిది ఏముందో అడగండి. మనిషి ఉద్యోగంలో ఉండగా చెప్పలేనిది చాలా ఉంటుంది.

"తొలగించు" మీట ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప నొక్కకండి. ఒకే కుర్చీలో ఇద్దరిని వేసినందుకు అదొక్కటే లాభం.

మొండయ్య

ఓదెలు కొత్త పేజీ సైటులో పెట్టాక మూడు రోజులు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. రోజూ రాజవ్వ ఫోన్ చేసి, "ఏమన్న వచ్చిందా అక్కా? ఈయన తింటలేడు," అనేది. నాకూ అన్నం దిగలేదు. పెద్దమనిషి పరువు తీశానా అని ఒకటే భయం.

నాలుగో రోజు ఒకటి వచ్చింది. రాసింది మొండయ్య. ఓదెలుతో చాలా ఏళ్ళు జోడీగా పనిచేసినవాడు, ఇప్పుడు పెద్దపల్లి దగ్గర సొంతూళ్ళో వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఫోనులో చెప్పకుండా నేనే బస్సెక్కి సెంటినరీ కాలనీకి వెళ్ళి, నా ఫోను ఓదెలు చేతిలో పెట్టాను. ఆయన వేలు పెట్టుకుని, ఒక్కో మాట పైకి చదివాడు.

"ఓదెలన్నా, నీకు ఇనవడదని మాకు అప్పుడే తెలుసు. నిన్ను పిలుసుడు బందువెట్టి భుజం పట్టి గుంజుడు మొదలువెట్టినం, యాదికున్నదా? నువ్వు తట్టి పక్కకు పోయినంక నేను మళ్ళొకసారి తట్టేది. నీకు చెప్పలే. చెప్తే నువ్వు బాధపడ్తవని. నీదెన్నడు తప్పు పోలే."

ఓదెలు ఆగిపోయాడు. ఫోను ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. నాకు దాహం లేదు.

కాసేపటికి ఆయన మళ్ళీ ఫోను తీశాడు. కింద ఇంకో వాక్యం మిగిలి ఉంది. దాన్ని కూడా పైకే చదివాడు.

"కని నువ్వు వేళ్ళ గురించి రాసింది సగమే కరెక్టు. తడి బండకు వేళ్ళు పనిచెయ్యయి."

"ఏందీ?" అని ఓదెలు లేచి నిలబడ్డాడు. "తడి బండకు పనిచెయ్యయా? వాడెన్నడు తట్టిండు తడి బండ? నీళ్ళు కారుతుంటె నా ఎనుక దాక్కునేటోడు! కూసో చెల్లె, జల్ది కూసో. రాయి."